మింగిన గుండీ

తూనీగ సూదిలోకి దారం ఎక్కించలేకపోయింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ వేళ్లు వణికి దారం పక్కకు పోయింది.

"ఇలా ఇవ్వు," అంది కుట్టుమిషన్ ముందున్న అమ్మ. "ఒక్క క్షణం కుదురుగా ఉండవు. నిన్ను తూనీగ అనక ఏమనాలి?"

తూనీగకు నవ్వు రాలేదు. ఆమె దగ్గర ఒక రహస్యం ఉంది. అదే ఆమెను హడలెత్తిస్తోంది.

రెండు నెలల కిందట చొక్కాకు గుండీలు కుడుతూ, అమ్మ వద్దన్న పనే చేసింది. గుండీని పెదాల మధ్య పెట్టుకుంది. ఇంతలో వెక్కిలి వచ్చింది. గుండీ గుటుక్కున లోపలికి పోయింది.

ఆ తర్వాతే ఇవన్నీ మొదలయ్యాయి. ఎంత తిన్నా చిక్కిపోతోంది. ఊరికే కూర్చున్నా గుండె దడదడ కొట్టుకుంటోంది. ఇప్పుడు మెడ ముందు వైపు ఉబ్బింది కూడా. గుండీ అక్కడే ఇరుక్కుందని ఆమె నమ్మకం. చెబితే గొంతు కోసి తీస్తారేమో. అందుకే కాలర్ గుండీ పెట్టుకుని మెడ దాచేస్తోంది.

మర్నాడు బడి మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగాయి. టీచర్ కబురు పెట్టేసరికి, అమ్మ మెడలో కొలత టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కాలర్ గుండీ విప్పింది.

మెడ ముందున్న ఉబ్బు చూసి అమ్మ దగ్గరికి వంగింది. "ఎన్నాళ్ల నుంచే ఇది?"

"గుండీ మింగేశానమ్మా. గొంతు కొయ్యొద్దని చెప్పవా," అని తూనీగ ఏడ్చేసింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆ గుండీ ఎప్పుడో బయటికి పోయుంటుంది. ఇక్కడ థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. రోగాలతో పోరాడాల్సిన మన ఒంటి కాపలాదారులే ఒక్కోసారి పొరబడి దాని వెంటపడి పరుగులు పెట్టిస్తారు. అప్పుడది ఉబ్బి, అవసరానికి మించి పనిచేస్తుంది. ఈ దడ, వణుకు, చిక్కిపోవడం అందుకే. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా చెల్లికి ఉంది," అంది అమ్మ.

"కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. ఇందులో పాప తప్పేం లేదు. ముందే చెప్పుంటే మాత్రం ఇంత నీరసపడేది కాదు."

రక్త పరీక్షలో అదే తేలింది. మాత్రలిస్తూ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఇవి వాడేటప్పుడు జ్వరం వచ్చినా, గొంతు నొప్పి వచ్చినా అదే రోజు రావాలి. అరుదుగా ఈ మాత్రలు రక్తంలోని ఆ కాపలాదారుల్ని ప్రమాదకరంగా తగ్గించేస్తాయి."

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం గుటక వేస్తే తూనీగకు గొంతు నొప్పి పుట్టింది. మళ్లీ ఆస్పత్రి, మళ్లీ రక్తం తీసే సూది. నీళ్లు తాగితే తగ్గిపోతుందేమో? తలుపు దగ్గరే నిలబడిపోయింది. లోపల మిషన్ ఆగకుండా తిరుగుతోంది. సాయంత్రానికి ఇవ్వాల్సిన బట్టలు కుప్పగా ఉన్నాయి.

"అమ్మా, గొంతు నొప్పిగా ఉంది," అంది చివరికి. "నాకు భయంగా ఉంది. అయినా చెబుతున్నా."

అమ్మ సగం కుట్టులోనే మిషన్ ఆపేసి, చెప్పులు వేసుకుంది.