బండి బయలుదేరింది

నవ్వకు. ఇందాక అన్నం దగ్గర నవ్వావు, ఊరుకున్నాను. ఇప్పుడు మళ్లీ నవ్వుతున్నావు. "చూడకుండానే పాస్ కొట్టేశాను మామయ్యా, ఎవడు చూస్తాడు" అన్నావే, ఆ మాటతో నాకు ముద్ద గొంతు దిగలేదు. సిగ్గు లేదట్రా నీకు? పెద్ద చదువు చదివావు, మెడలో కార్డు వేలాడదీసుకుని తిరుగుతున్నావు. చూడని పనిని చూశానని చెప్పడాన్ని మేము అబద్ధం అనేవాళ్లం. మీ ఆఫీసుల్లో దానికి ముద్దుపేరు ఏదైనా పెట్టుకున్నారేమో నాకు తెలియదు.

కూర్చో. ఆ ఫోను బోర్లా పెట్టు. మీ నాన్న నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నాకు చెప్పాడు. విన్నది విన్నట్టు చెప్తాను.

మీ నాన్న రాత్రి కాపలా కాసిన అద్దాల మేడ గుర్తుందిగా? ఆ మేడలో ఆరో అంతస్తుకి పాడు పేరు ఉండేది. చీకటి పడ్డాక ఊడ్చేవాళ్లు అక్కడికి వెళ్లేవాళ్లు కాదు. లిఫ్టు పొరపాటున అక్కడ ఆగితే కళ్లు మూసుకుని మీట నొక్కేవాళ్లు.

ఆ అంతస్తులోని హాలుకి తాళం. లోపల దీపం లేదు, మనిషి లేడు. అయినా రాత్రిపూట ఆ తలుపు వెనక నుంచి ఒక మగ గొంతు వినిపించేది... ఎవరో పీక నొక్కుతున్నట్టు.

"ఊపిరి... ఊపిరి ఆడట్లేదు... ఆరో అంతస్తు... ఎవరైనా రండి..."

కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత ఒక ఆడగొంతు — చల్లగా, తియ్యగా — "బండి బయలుదేరింది. మీరు అక్కడే ఉండండి."

అంతే. మళ్లీ మరునాటి రాత్రే.

ఆ హాల్లో అంతకుముందు పెద్ద పని నడిచింది. ప్రాణం మీదకి వచ్చినవాళ్లు ఫోన్ చేస్తే అంబులెన్స్‌ని పంపించే ఏర్పాటు ఉంటుంది కదా, దేశం మొత్తానికీ దాన్ని కొత్త కంప్యూటర్ల మీదకి మార్చే పని. ప్రోగ్రాములు రాసేవాళ్లు వందల మంది. వాళ్లు రాసింది సరిగ్గా నడుస్తుందో లేదో, జనం చేతికి వెళ్లకముందే అన్ని రకాలుగా పీకి, లాగి చూసేవాళ్లు కొంతమంది. నీ పనే. వాళ్లందరి మీదా ఒక పెద్దసారు.

ఆయన సంగతి చెప్పాలంటే నాకు ఒళ్లు కంపరం. ఎప్పుడూ నోట్లో బిస్కెట్టు. వేళ్లు నాకి, ఆ వేళ్లతోనే పక్కవాళ్ల కంప్యూటరు తెర మీద గీతలు గీసి చూపించేవాడట. ఆయన లేచి వెళ్లాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. పనిలోనూ అదే శుభ్రం. గోడ మీద ఒక పెద్ద తెర ఉండేది, పరీక్ష నెగ్గితే పచ్చ గుర్తు, తప్పితే ఎర్ర గుర్తు. పైవాళ్లు వచ్చి దాన్నే చూసుకుని వెళ్లేవాళ్లు. "పచ్చగా ఉందా? అయితే నోరు ముయ్యి" — ఇదీ ఆయన చదువు.

మేడలో అందరూ మీ నాన్నని "అన్నా" అనేవాళ్లు. పెద్దసారొక్కడే "ఒరే నిద్రమొహం" అని పిలిచేవాడు. రాత్రంతా మెలకువగా ఉండేవాడికి ఆ పేరు.

ఇప్పుడు అసలు విషయం విను. పరీక్షల కోసం వాళ్లు ఉత్తుత్తి ఫోన్లు చేసేవాళ్లు. రోగి ఎక్కడున్నాడంటే ఏదో ఒక చిరునామా ఇవ్వాలిగా? ఈ మేడ చిరునామానే ఇచ్చేవాళ్లు. మొదట్లో నిజంగానే అంబులెన్సులు వచ్చి గేటు ముందు నిలబడేవి. అందుకని ఒక అడ్డు పెట్టారు. ఈ మేడ నుంచి ఎవరు పిలిచినా "బండి బయలుదేరింది" అని జవాబు చెప్పాలి, బండిని మాత్రం పంపకూడదు. పరీక్షలు అయిపోగానే ఆ అడ్డు తీసెయ్యాలి. తీసేశాక నిజంగా బండి వస్తోందో లేదో మళ్లీ చూడాలి.

అక్కడ కళ్లజోడు పెట్టుకునే అమ్మాయి ఒకతె పనిచేసేది. ప్రారంభోత్సవానికి ముందు రోజు సాయంత్రం ఆమె అడిగిందట. మీ నాన్న తాళాల గుత్తి పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాడు.

"సార్, ఆ అడ్డు ఇంకా అలాగే ఉంది. తీసేసి మళ్లీ ఒకసారి నడిపి చూడాలి."

"రేపు మంత్రిగారు వస్తున్నారు తల్లీ. కాసేపు టీ తాగుతూ ఉండండి, మా అమ్మాయి ఇంకా చూస్తోంది అని చెప్పమంటావా?"

చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు.

"ఈ మేడలో ఎవరికైనా నిజంగా ప్రాణం మీదకి వస్తే, సార్—"

"ఈ మేడలో ఎవడు చస్తాడమ్మా? అందరం ఏసీలో కూర్చునేవాళ్లమే. తర్వాత తీస్తార్లే. నువ్వు పాస్ కొట్టు."

"చూడకుండా కొట్టను."

"అయితే లే."

ఆమె లేవలేదు. ఆయనే ఆమె భుజం మీదుగా వంగి, ఆ ఎంగిలి వేలితోనే ఆమె మీట నొక్కాడు. ఆమె పేరు మీద పచ్చ గుర్తు పడింది. బిస్కెట్టు పొడి మీటల సందుల్లో రాలింది. ఆ అమ్మాయి రుమాలు తీసి ఆ మీటలన్నీ తుడిచింది. తుడిచి, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మర్నాడు చప్పట్లు, దండలు, కేకు. అందరూ వేరే మేడకి మారిపోయారు. మిగిలిన కేకుని డబ్బాలోనే వదిలేసి హాలుకి తాళం వేశారు. అదిగో, ఆ తర్వాతే ఆ గొంతు మొదలైంది. కుళ్లిన క్రీము వాసన, మురికి తివాచీ వాసన తలుపు కింద నుంచి వచ్చేవి. వాటితో పాటే ఆ మూలుగు.

పెద్దసారు ఒకసారి అటు వచ్చినప్పుడు మీ నాన్న ఈ సంగతి చెప్పాడు. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడట.

"అవునురా నిద్రమొహం, దెయ్యమే. అందరికీ చెప్పు. ఎవడినీ పైకి రానివ్వకు. ఎంత మొత్తుకున్నా నువ్వు కూడా వెళ్లకు."

ఎందుకు వద్దన్నాడో అప్పుడు తెలియలేదు. ఎర్ర గుర్తుల జాడలన్నీ ఆ హాల్లోని కంప్యూటర్లలో ఇంకా ఉన్నాయి మరి.

కొన్నాళ్లకి పైనుంచి తనిఖీ వాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. వాళ్లు వచ్చే ముందు రాత్రి పెద్దసారు ఒక్కడే వచ్చాడు. మెడ దాకా చెమట. "నేను దిగేదాకా పైకి ఎవడూ రాకూడదు" అని చెప్పి లిఫ్టు ఎక్కాడు. చెరపాల్సింది చెరపడానికి వచ్చాడు, ఇంకేముంది.

మీ నాన్న మామూలుగానే మెట్ల మీదుగా గస్తీ తిరుగుతున్నాడు. ఐదో అంతస్తు మలుపులో ఉన్నాడు. పైనుంచి—

"ఊపిరి... ఊపిరి ఆడట్లేదు... ఆరో అంతస్తు..."

రోజూ వినేదే కదా అని నిలబడ్డాడు. ఆడగొంతు వస్తుంది, ఆగిపోతుంది అనుకున్నాడు. వచ్చింది కూడా. "బండి బయలుదేరింది. మీరు అక్కడే ఉండండి."

కానీ ఆ రాత్రి అది ఆగలేదు.

ఏదో కింద పడ్డ చప్పుడు. నేల మీద గోళ్లతో గీకుతున్నట్టు... ఈడ్చుకుంటున్నట్టు... తలుపు వైపే. ఆ వెంటనే—

"నిద్రమొహం... ఒరే... నిద్రమొహం..."

దెయ్యం తనని పేరు పెట్టి పిలిచింది.

మీ నాన్న మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. కిందకి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు తట్టింది... ఈ లోకంలో తనని ఆ పేరుతో పిలిచే నోరు ఒక్కటే.

వెనక్కి పరిగెత్తాడు.

తలుపు తోస్తే గుప్పున వాసన. తెరల వెలుగులో పెద్దసారు నేల మీద పడి ఉన్నాడు. కేకు డబ్బా ఆయన మీదే తిరగబడింది. బూజు పట్టిన క్రీము చొక్కా నిండా పులుముకుని ఉంది, దాని మీద చీమలు. మొహం తడి బూడిద రంగు. చెవి దగ్గర ఫోన్, స్పీకరు పెట్టి ఉంది.

మీ నాన్న తన ఫోన్ తీసి ఆ నంబరుకే కొట్టాడు. అదే గొంతు, అంతే తియ్యగా — "బండి బయలుదేరింది. మీరు అక్కడే ఉండండి."

"వస్తోంది సార్. కాస్త ఓర్చుకోండి."

ఆయన మీ నాన్న చెయ్యి పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"రాదు..."

"బయలుదేరిందన్నారు సార్."

"రాదురా... అది... రాదు..."

మతి తప్పి మాట్లాడుతున్నాడనుకున్నాడు మీ నాన్న. బండి వాళ్లకి దారి చూపించాలని కిందకి పరిగెత్తాడు. గేటు దగ్గర నిలబడి టార్చి ఊపాడు.

రోడ్డుకి అవతలే అంబులెన్స్ షెడ్డు. దీపం కింద బండి కనిపిస్తూనే ఉంది. డ్రైవరు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మీ నాన్న టార్చి ఊపితే, ఎప్పుడూ పలకరించే మనిషే కదా అని అతనూ చెయ్యి ఊపాడు.

ఇదిగో లేస్తాడు, అదిగో బండి తీస్తాడు అని మీ నాన్న అలాగే నిలబడ్డాడు. చెప్పారుగా, బయలుదేరిందని... అక్కడే ఉండమని. చెప్పిన మాట నమ్మే మనిషి మీ నాన్న. డ్రైవరు గ్లాసు కడుక్కుని మళ్లీ కూర్చున్నాక ఇక ఆగలేకపోయాడు. రోడ్డుకి అడ్డంగా పరిగెత్తాడు.

"బయలుదేరావని చెప్పారు, ఇక్కడే కూర్చున్నావేంటయ్యా!"

"ఎవరు చెప్పారన్నా? నాకు ఏ కబురూ రాలేదే!"

ఇద్దరూ స్ట్రెచర్ పట్టుకుని పైకి వచ్చారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే హాల్లోంచి గొంతు వినిపించింది.

"ఊపిరి... ఊపిరి ఆడట్లేదు... ఎవరైనా రండి..."

"అమ్మయ్య, బతికే ఉన్నాడు" అన్నాడు మీ నాన్న.

డ్రైవరు వంగి మెడ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. నెమ్మదిగా లేచాడు.

"అన్నా... ఈయన పోయి చాలాసేపయింది."

పెద్దసారు నోరు మూసుకుని ఉంది. ఆ గొంతు ఆగలేదు.

ఆగకపోవడానికి కారణం తర్వాత ఆ కళ్లజోడు అమ్మాయే తనిఖీ వాళ్లకి చెప్పింది. ఆ గొంతు పెద్దసారుదే. పరీక్షల కోసం రోగిలా మూలుగుతూ, మధ్యమధ్య ఇకిలిస్తూ, రికార్డు చేయించాడట. ఇకిలింపులు కత్తిరించి, మూలుగు మాత్రం యంత్రంలో పెట్టారు. రాత్రి కాగానే యంత్రం దానంతట అదే ఫోన్ చేస్తుంది, మూలుగు వినిపిస్తుంది, జవాబు వింటుంది. "బయలుదేరింది" అన్న మాట వస్తే పాస్. బండి వచ్చిందా లేదా అని అది చూడదు, చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. పని అయిపోయినా దాన్ని ఆపలేదు. పచ్చ గుర్తులు పోగవుతూ ఉంటే ఎవరికి చేదు? ఆ రాత్రి మెట్ల మలుపులో మీ నాన్న విన్నది నిజంగా పెద్దసారునే, శవం పక్కన విన్నది యంత్రాన్ని.

అంబులెన్స్ మోత వినగానే మీ నాన్న ఈనాటికీ గేటు దాకా వెళ్లి, బండి కనబడేదాకా ఎందుకు నిలబడతాడో ఇప్పుడు తెలిసిందా? ముసలితనం అని వెక్కిరిస్తావుగా?

ఆ రాత్రి వాళ్లు శవాన్ని స్ట్రెచర్ మీదకి ఎత్తుతుండగా ఆడగొంతు జవాబు చెప్పింది. "బండి బయలుదేరింది. మీరు అక్కడే ఉండండి." చీమలు దులిపే ఓపిక కూడా లేక అలాగే కట్టారు ఆయన్ని. ఎదురుగా గోడ మీద తెర వెలిగింది. ఆయన చావు మీద కూడా పచ్చ గుర్తు పడింది — పాస్.