ఏడో నంబరు కాకి

...తినకపోవడాన్ని ఇన్నేళ్లూ తప్పు గడిలో రాశానా అని వకుళ ఆలోచిస్తోంది. వల అవతల ఏడో నంబరు కాకి పల్లీగింజను ముక్కున పట్టుకుని నిలబడింది. తినదు. ఆమె చేతిలోని కంప్యూటర్ పలక వైపు తల తిప్పగానే గింజను ఇసుకలో దాచింది. మళ్లీ చూడగానే తవ్వి తీసి, రాయి వెనక్కి మార్చింది.

పదకొండోసారి. వకుళ చూసిందని దానికి తెలుసు. చూసినదాన్ని ఆమె దొంగిలించగలదని కూడా అనుమానిస్తోంది. ఆ చిన్న నల్లటి తలలో ఆమె మనసు గురించి ఒక ఊహ నడుస్తోంది.

పక్క హాల్లో ప్రవర్తనను లెక్కగట్టే వర్తనగణితం కోర్సు పిల్లలు, కంప్యూటర్లో అల్లిన ప్రతికాకులతో ప్రయోగం ముగిస్తున్నారు. ప్రతికాకి ప్రతిసారీ తింటుంది. దాన్ని అల్లింది వకుళ ముప్పై ఏళ్ల పట్టికలతోనే. ‘తినలేదు’ అన్న వరసలన్నీ విఫలమైనవని ఆమే కొట్టేసి ఇచ్చింది.

జంతువుల మనసు గురించి వకుళ చెప్పే తులనాత్మక మనస్తత్వశాస్త్రంలో ఈ ఏడాది ఎవరూ చేరలేదు. అడిగితే, ప్రతికాకి ఉందిగా మేడమ్ అన్నారు పిల్లలు, మర్యాదగానే. నాలుగు గంటల లోపు ఒక్క పేరైనా నమోదు కాకపోతే కోర్సు రద్దు. పంజరంలో పుట్టిన కాకి బయట బతకదు కనుక దానికి ప్రాణం తీసే సూది మందు.

అటెండరు పైడయ్య గిన్నె కడుగుతూ అన్నాడు: “నాలుగ్గంటలకి తలుపు మూసీమన్నారు మేడమ్. నాకన్నా ఈ కాకి రెండేళ్లు సీనియరు. దీనికైనా పింఛనిస్తారంటారా?”

అది వట్టి హాస్యం కాదు. మేత మంజూరు కావాలంటే సిబ్బంది పట్టీలో ఉండాలని ఎప్పుడో ఒక గుమస్తా కాకిని అందులో ‘ఏడు’ అన్న పేరుతో ఎక్కించాడు. తర్వాత ఎవరూ తీయలేదు.

మూడు యాభై ఆరు. వకుళ నమోదు పత్రం తెరిచి విద్యార్థి గడిలో తన పేరు రాసింది. బోధకుల గడిలోనూ అదే పేరు ఉండటంతో పలక ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒకరే కాకూడదు, బోధకులుగా సిబ్బందిలో మరొకరిని ఎంచుకోమంది.

ఆమె పట్టీని కిందికి జరుపుతూ పోయింది. పైడయ్య భుజం మీంచి తొంగిచూశాడు.

“ఆళ్లు ఒప్పుకుంటారా మేడమ్?”

“నాకు నేర్పేది అదే కదయ్యా.”

కాకి గింజను వదిలేసి ఆమె వేలినే చూస్తోంది. వకుళ బోధకుల గడిలోంచి తన పేరు తుడిచి, పట్టీలోని ‘ఏడు’ మీద వేలు పెట్టింది.