నీలం షీటు వెనకవైపు

జూలై పదకొండు, గురువారం. మధ్యాహ్నం రెండూ ఇరవై. పొద్దుటి నుంచీ ముసురు పట్టి, నడిగదిలో పట్టపగలే లైటు వెయ్యాల్సొచ్చింది.

ఆ గది నిండా మా బాబాయి బొమ్మరైలే. గడియారాలు బాగుచేసే చేతులు కదా, పట్టాలూ, వంతెనా, స్టేషనూ అన్నీ ముచ్చటగా కుదిర్చాడు. వెనక గోడకి మాత్రం ఆయన మొదటి భార్య పాత దుప్పటి మీద నూనెరంగులతో వేసిన కొండలు. ఆవిడ పోయి నాలుగేళ్ళు. అయినా రైలు తిరిగినంతసేపూ బాబాయి చూపు ఆ కొండల మీదే. ఆయన్ని కట్టుకుని ఏడాదైన పిన్నికి అదే కడుపుమంట.

"గుడ్డ చెమ్మకి జారిపోతోందండీ, మార్చేద్దాం," అని నెల్లాళ్ళు పోరింది.

"ప్లైవుడ్డు మూల దగ్గర వంగదే. కాగితానికి బంక తగిలితే ముడతలు," అని ఆయన నసిగాడు.

"పల్చటి ఫోమ్ షీటు తెచ్చాను. ఎలా వంగుతోందో చూడండి! గుడ్డే కావాలంటే ఆవిణ్ణే వచ్చి సాగదీసి కట్టమనండి!"

బాబాయి నవ్వలేదు. "సరే, నీ ఇష్టం. పాతది మాత్రం జాగ్రత్తగా విప్పి చుట్టిపెట్టు."

జాగ్రత్తగా! ఎందుకు, బీరువాలో నగలా దాచుకోడానికా? ఆ గురువారం ఆయన భోంచేసి కొట్టుకి వెళ్ళాక పిన్ని ఆ గుడ్డ విప్పనే లేదు. దాని మీదే బంక పూసి షీటు అంటించేసింది. కొండలు కనుమరుగయ్యాయి. నీలం నీళ్ళరంగు కలుపుకుని, మూల నుంచి తన ఆకాశం వెయ్యడం మొదలుపెట్టింది.

సర్... సర్... కుంచె చప్పుడు.

కాసేపటికి చెయ్యి లాగి ఆపింది.

సర్... సర్...

చప్పుడు ఆగలేదు.

షీటు మీద అరచెయ్యి ఆనించింది. అవతల ఏదో మెత్తగా, ఆవిడ వేళ్ళ వెంబడే పాకుతూ వెళ్ళింది. గుప్పున నూనెరంగు వాసన.

"దేవుడా..." కానీ భయం కన్నా ముందు అక్కసే నోరు తెరిచింది. "ఇది నా గోడ..."

అవతల నుంచి, సరిగ్గా చెవి దగ్గర, గుసగుసగా...

"కాస్త జరుగు చెల్లీ... నీ నీడ పడుతోంది."

పిన్ని సుత్తి తెచ్చి, అంచుల వెంట జానెడుకో మేకు దిగ్గొట్టింది.

రాత్రి అన్నం తింటూ బాబాయి తలెత్తాడు. "నూనెరంగు వాడావా?"

"లేదే," అంది, కంచంలోంచి చూపు తియ్యకుండా.

మర్నాడు పొద్దున్నే ఆ వాసన ఎక్కడిదో చూద్దామని ఆయనే మేకులన్నీ పీకాడు. పిన్ని దేవుణ్ణి తలుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. బంకే పట్టనట్టు షీటు తేలిగ్గా ఊడొచ్చింది. గుడ్డ మీద ఒక్క కొండా లేదు. తెల్లగా ఉంది. షీటు వెనకవైపు ఆ కొండలే... సగం దాకా. వేలు పెడితే రంగు అంటుకుంది.

బాబాయి పిన్ని వైపు తిరగనైనా లేదు. ఆ వెనకవైపునే ఇవతలికి తిప్పి షీటు నిలబెట్టాడు. దాని ముందు ఒక కుంచె, గిన్నెడు టర్పెంటైను పెట్టాడు. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"సగమే అయింది పాపం," అన్నాడు మెల్లిగా.

ఇద్దరూ గుమ్మం బయటే ఉన్నారు. ఇంట్లో మూడో మనిషి లేరు.

లోపల, గిన్నెలో కుంచె జాడిస్తున్న చప్పుడు...