నీలి పేలిక కట్టిన మేక

"ఈ మధ్యాహ్నం పన్నెండులోగా ఆపకపోతే మనవాళ్ళు ఏడుగురూ పోయినట్టే."

వ్యాన్ కింద వెల్లకిలా పడుకున్న చిమెద్‌కి, జాకీలో దాచిన వైర్‌లెస్ లోంచి కల్నల్ గొంతు సన్నగా వినిపించింది.

"సరిహద్దు అవతల పనిచేస్తున్న ఏడుగురు ఏజెంట్ల పేర్లు. గోరంత చిప్‌లో ఉన్నాయి. పన్నెండుకి అది చేతులు మారుతుంది. అమ్మింది మన ఆఫీసు మనిషే. ఆ మనిషి నీ వ్యాన్‌లోనే."

"ఉన్నది ఇద్దరే సార్. ఎవరు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? ఓవర్."

కోడ్ సెక్షన్ సొలోంగొ, రికార్డు రూము దగ్వా చిన్ననాటి స్నేహితులు. సెలవు పెట్టి, పచ్చిక మైదానాల్లో తిరగడానికి వ్యాన్ మాట్లాడుకున్నారు. డ్రైవరు వేషంలో చిమెద్ ఎక్కాడు. పన్నెండు రోజుల్లో ఎప్పుడో తెలియకుండానే వాళ్ళు అతన్ని మూడోవాడిగా కలుపుకున్నారు. తిన్నావా అని అతన్ని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! వాళ్ళు నిద్రపోయాక సంచులు వెతికేవాడు. ఏమీ దొరకనప్పుడల్లా ప్రాణం కుదుటపడేది. డ్యూటీలో ఉన్నవాడు పడాల్సిన సంతోషం కాదది.

"అన్నా! వ్యాన్‌తో కాపురం చాలించి బయటికి రా," దగ్వా కేకేశాడు. "నీ వాటా వెన్న నేనే తినేశాను. ఏడవకు."

రాత్రి తన గుడారంలో బస ఇచ్చిన త్సెంద్ అవ్వ మేకల్ని తలకు తల చేర్చి వరసగా తాడుతో కట్టి పాలు పితుకుతోంది. పక్కనే సొలోంగొ. ఎర్ర పట్టు దేల్ అంగీ తొడుక్కుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మేకపెంటికల మధ్య కూర్చున్నా పోస్టరు మీది బొమ్మలాగే ఉంది.

"డ్రైవర్ గారూ, ఆ మసి కడుక్కోండి. లోపల ఇంకెవరో ఉన్నారేమో చూద్దాం," అంది.

చిమెద్ నవ్వాడు. నవ్వడం బాగానే అలవాటయింది.

పదకొండున్నరకి లారీ వచ్చింది. ఇరవై మేకలు కొంటానని ముందే మాటిచ్చిన బేరగాడు దిగాడు. మందలో కొమ్మువిరిగిన ముసలి మేకని చెవి పట్టి లాగాడు.

"ముందు ఈ నీలి పేలిక దాన్ని ఎక్కించు అవ్వా."

అవ్వ చెంబు కింద పెట్టింది. "దీని మెడకి పేలిక ఎవరు కట్టారు?"

సొలోంగొ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఎవరు కట్టినా కట్టారు. పేలిక కట్టిన పశువు ఆకాశానిది. అమ్మను, కొయ్యను, బొచ్చు కూడా దువ్వను. ఇంకోటి తీసుకో."

"రెండింతలిస్తా."

"నువ్వే ఉంచుకో."

"పోనీ, లారీలో మోటారు సైకిలుంది. అది తీసుకో."

"మోటారు సైకిలా!" దగ్వా ఎగిరాడు. "అవ్వా, ఆ పేలిక నా మెడకి కట్టు. నన్నిచ్చెయ్, నీకే లాభం."

అవ్వ నవ్వింది. సొలోంగొ నవ్వలేదు. ముసలి మేకకి మోటారు సైకిలా? చిమెద్ చూపు పేలిక ముడి మీదికి పోయింది.

"సరదాకి నేనే కట్టాను, విప్పేస్తాలే," అంటూ సొలోంగొ ముడి మీద చెయ్యి వేసింది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కలవకుండానే సరుకు మారాలని కొనే ముఠా ఏర్పాటు. చిప్ ముడిలో పెట్టి, బేరగాడికి ఆనవాలుగా పేలిక కట్టింది. పశువు మెడకి అది కడితే ఏమవుతుందో నగరంలో పుట్టిన పిల్లకి తెలియదు.

"చెయ్యి తియ్ అమ్మాయ్!" అవ్వ అరిచింది.

బేరగాడు పిస్తోలు తీసి దగ్వా కణతకి ఆనించాడు. "మేకని ఎక్కించండి." పన్నెండుకి ఎనిమిది నిమిషాలు.

చిమెద్ తొందరపడలేదు. మర్యాదగా ఎడమచేతిని కుడి మోచేతికి ఆనించి ముక్కుపొడుం సీసా ముందుకు చాచాడు.

"పలకరింపు లేకుండా తుపాకీయా తమ్ముడూ? పెద్దవాణ్ణి, ఇస్తున్నాను. ముందొక పట్టు పీల్చు."

బేరగాడు ఆ గడ్డిలో పుట్టి పెరిగినవాడే. పెద్దవాడు చాచిన సీసాని కాదనడం ఆ చేతికి రాదు. పిస్తోలు ఎడమచేతికి మారింది. కుడి అరచెయ్యి తెరుచుకుంది. సీసా ముక్కు దగ్గరికి వెళ్ళింది. ఆఫీసు లాబొరేటరీ పొడి అది. రెండు తుమ్ములు తుమ్మి, మూడోది పూర్తికాకుండానే లారీ టైరు మీదికి ఒరిగిపోయాడు.

చిమెద్ ముడిలోంచి చిప్‌ని సూదితో లాగాడు. పేలికని మాత్రం అవ్వ విప్పనివ్వలేదు.

సొలోంగొ కళ్ళద్దాలు తీసింది. "నిన్ను మూడోరోజే పోల్చుకున్నాను. ఏ డ్రైవరూ మేం చెప్పే కబుర్లు అంత శ్రద్ధగా వినడు."

"మరి పారిపోలేదేం?"

"నువ్వు నిజంగా డ్రైవరువే అయితే బాగుండుననిపించింది."

"నాకూ ఇలాంటిదే అనిపించింది," అన్నాడు చిమెద్, ఆమె మణికట్లకి తాడు బిగిస్తూ. ముడి మరీ గట్టిగా పడిందేమోనని మళ్ళీ చూశాడు.

హెలికాప్టర్ సొలోంగొనీ బేరగాణ్ణీ ఎక్కించుకుని వెళ్ళింది. చిమెద్ వ్యాన్ తాళాలు దగ్వా చేతిలో పెట్టాడు.

"పేరైనా నిజమేనా అన్నా?"

చిమెద్ వ్యాన్ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"నిన్నెక్కడ వెతకాలి?"

"వెతకొద్దు. మూడో గేరు గట్టిగా ఉంటుంది, బలంగా వెయ్యి."

వ్యాన్ గుట్ట దాటింది. దుమ్ము కూడా సద్దుమణిగాక, వెళ్ళినవాడి ప్రయాణం క్షేమంగా సాగాలని అటువైపు పాలు చల్లి అవ్వ గిన్నెతో తిరిగొచ్చింది. చిమెద్ సంచి భుజాన వేసుకున్నాడు. ముఖం తెలిసిపోయింది. ఇక మరో ఊరు, మరో పేరు.

"నువ్వెటు పోతున్నావు నాయనా? ఆ దిక్కున చల్లాలి."

"చెప్పకూడదు అవ్వా."

అవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. గరిటె ముంచి తూర్పుకి చల్లింది. తర్వాత పడమరకి, ఉత్తరానికి, దక్షిణానికి.

"నీ ఉద్యోగం ఏమిటో గానీ, పాలు బొత్తిగా దండగ," అంటూ లోపలికి వెళ్ళిపోయింది.