కంటి ఫొటోకి మూడో వాయిదా

"ఇవాళ కూడా కుదరలేదండీ. మళ్లీ రావాలి."

ఆ మాట అనేసరికి కంటి ఆసుపత్రి స్కానింగ్ గదిలో పనిచేసే అమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎదురుగా, వాళ్ల పిన్నిని కంటి పరీక్షకి తీసుకొచ్చిన డ్రైవింగ్ స్కూల్ మాస్టారు. మొదటిరోజే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. రెండోసారి వాన పుణ్యమా అని వరండాలో అరగంట కబుర్లు నడిచాయి. అప్పట్నించీ పొద్దున్నే పేషెంట్ల లిస్టులో ఆ పిన్ని పేరు వెతకడం ఆమెకు అలవాటైపోయింది.

"ముచ్చటగా మూడోసారి!" అన్నాడతను. "క్లచ్ తొక్కడం రానివాళ్లతో రోజంతా వేగే నాకే ఓపిక పోయింది. మీకసలు ఆ మిషన్ నడపడం వచ్చా?"

"వచ్చు కాబట్టే బ్రేకు వేశాను."

శుక్లం ఆపరేషన్‌కి ముందు నల్లగుడ్డు పైపొర వంపుని ఫొటో తీస్తారు. లోపల పెట్టే లెన్స్‌ని దాన్నిబట్టే ఎంచుతారు. పిన్ని నాటకాలకి మేకప్ వేసే మనిషి. ముప్పై ఏళ్లుగా గట్టి కాంటాక్ట్ లెన్సులు వాడింది. అవి తీసేసిన రెండు మూడు వారాలకి గానీ కన్ను అసలు రూపానికి రాదు. ఎప్పుడో తీసేశానంటుంది పిన్ని. ఫొటోలు మాత్రం ఏ రోజుకా రోజు వేరుగా వస్తున్నాయి.

ఫొటో సరిగ్గానే ఉందని సంతకం పెట్టేస్తే ఇతను నవ్వుతూ వెళ్తాడు, పిన్నికి మసక మిగులుతుంది. పెట్టకపోతే ఇతను మళ్లీ తన మొహం చూడడేమో. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా పెన్ను పక్కన పెట్టేసింది.

"కంప్లైంట్ ఇద్దామనుకున్నా," అతను గొణిగాడు. "పిన్నే వద్దంది. నవ్వితే మీకు ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందట. అలాంటి పిల్ల మీద కంప్లైంట్ ఏంట్రా అంది."

ఆమె చటుక్కున తలెత్తింది. "ఈ చీకటి గదిలో నేను నవ్వనే నవ్వను. ఎక్కడ చూశారట?"

"హాల్లో. వెనక వరసలోంచి."

"లెన్సుల్లేకుండా అంత దూరం నించా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని హాల్లోకి పరుగెత్తారు. పిన్ని హ్యాండ్‌బ్యాగులో లెన్సుల డబ్బీ దొరికింది. ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ హాల్లో పెట్టుకోవడం, పిలవగానే వాష్‌రూమ్‌కెళ్లి తీసేయడం!

"ముప్పై ఏళ్లు మొహాలకి రంగులేసినదాన్ని," పిన్ని ఏమాత్రం తగ్గలేదు. "మా వాడు రోజూ నీ గొడవే చెప్తుంటే, నిన్ను సరిగ్గా చూసుకోవద్దూ?"

మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మూడు వారాలు ముట్టుకోకండి ఆంటీ," అంది ఆమె, నవ్వాపుకుంటూ. "నేనెక్కడికీ పోను."

డబ్బీ మాస్టారు స్వాధీనం చేసుకున్నాడు. "ఇవాళా పెట్టుకోలేదండీ" అని రోజూ ఫోన్ చేసేవాడు. ఆ ఒక్క ముక్కా చెప్పడానికి అరగంట పట్టేది. మూడు వారాల తర్వాత వరసగా రెండ్రోజులు తీసిన ఫొటోలు అచ్చుగుద్దినట్టు కలిశాయి. ఆమె హాయిగా సంతకం పెట్టింది.

ఆపరేషన్ అయిన నెలకి పిన్ని ఆమెను వెలుతురులో నిలబెట్టి తనివితీరా చూసింది.

"వీణ్ణి చేసుకుంటావుటే?"

"ఇలా అందరి ముందా అడగడం?" ఆమె మూతి బిగించింది.

"ఒరేయ్, కుడి బుగ్గ మీద కూడా ఉందిరా చిన్న సొట్ట! ఇన్నాళ్లూ నాకు కనపళ్లేదు."

"అది కోపమొస్తేనే పడుతుంది పిన్నీ," అన్నాడు మాస్టారు. "నేను మొదటిరోజే చూశాను."