కాసు లేని కాసామోస్

"ఛె, లావా!"

మిషన్ ఆస్పత్రి వరండాలోంచి ఆ మాట చెవిన పడగానే ఓబుళేసు సైకిల్ బ్రేకు పట్టాడు. బ్రేకు పట్టలేదు. వేపచెట్టు పట్టుకుంది.

లేచి దుమ్ము దులుపుకున్నాడు గానీ, మాట మాత్రం దులిపితే పోలేదు. పోయేదైతే ఈ కథే ఉండదు. అది అరవై ఆరో సంవత్సరం. బెళుగుప్ప చుట్టుపక్కల బావులెండి, చేలెండి, మేకలు కూడా నడుము జారిపోకుండా బెల్టు ఇప్పించమని అడిగేలా ఉన్న రోజులు. అలాంటి చోట ఓబుళేసు ఒక్కడే గాలి పీల్చినా ఒళ్ళు చేసేవాడు. ఊరంతా డొక్కలు చూపిస్తుంటే తానొక్కడూ బొజ్జ చూపించడం ఎంత నామోషీయో లావైన వాడికే తెలుసు.

"ఏమ్మే! ఎవుర్ని లావంటాండావు?" అంటూ మెట్లెక్కాడు.

వరండాలో ఒక సన్నటి అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రి తోటమాలి కొండప్ప కూతురు ఆంజినమ్మ. తోట ఎప్పుడో ఎండిపోయింది, మాలి మాత్రం మిగిలాడు. ఆమె ఎస్సెల్సీ దాకా చదివి అక్కడే మందుల చీటీలు రాస్తుంది.

"నిన్నెవురన్నారప్పా? నేను స్పానిష్ చదువుకుంటాండా."

"నేను లావని స్పెయిన్ దాకా తెల్సిపాయనా?"

ఆంజినమ్మ నవ్వాపుకోలేకపోయింది. "ఛె కాదు, సె. లావార్సె అంటే కడుక్కునేది. మె లావో, నేను కడుక్కుంటా. తె లావాస్, నువ్వు కడుక్కుంటావు. సె లావా, వాడు కడుక్కుంటాడు."

"ఈడ తాగేకే నీళ్ళు లేవు, కడుక్కునేదెవురు?"

"అందుకే నోటితోనే కడుక్కుంటాండా. చుక్క ఖర్చు కాదు."

మూలన చాటలో విత్తనపు చెనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలమ్మ కిసుక్కుమంది. ఆంజినమ్మ అవ్వ, సుంకమ్మ.

"నిన్న కడుక్కుంటి అనల్లంటే?" అన్నాడు ఓబుళేసు, కోపం ఎక్కడ పెట్టాడో మర్చిపోయి.

"మె లావే."

"నువ్వు లావేంది తల్లీ, చీపురుపుల్ల మాదిరి ఉండావు. నేనే లావే!"

ప్రేమకథలన్నీ వానలో తడిసి మొదలవుతాయంటారు. అనంతపురం జిల్లాలో అంత విలాసం ఎక్కడిది? ఇక్కడ పొడిపొడిగానే మొదలుపెట్టాలి.

ఈ స్పానిష్ గొడవంతా పిలార్ సిస్టర్ వల్ల వచ్చింది. ఆమెది స్పెయిన్ దేశం. ఎవరూ పిలవకుండానే వచ్చి ఆస్పత్రి పెట్టింది గనక పిలార్ అనే పేరు ఆమెకు నప్పలేదని ఊళ్ళో అనుకునేవారు. మనసు వెన్న, తెలుగు మాత్రం వెన్నలో రాయి. "మందు తాగుకో, పడుకుంచుకో, రేపు వచ్చుకో" అనేది. రోగులు నవ్వుకుని నవ్వుకునే సగం కోలుకునేవారు. ఆ బాధ చూడలేక ఆంజినమ్మే ఆమె భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది.

అంతలో కబురొచ్చింది. స్పెయిన్ నుంచి రామిరో అనే ఇంజినీరు పెద్ద బోరు మిషను తీసుకొస్తున్నాడు. బెళుగుప్ప చుట్టూ ఊరూరా బోర్లు వేస్తాడు. వెంట తిరగడానికి ఒక దుబాసీ కావాలి. నెల జీతం!

ఆంజినమ్మ కళ్ళు మెరిశాయి. కొండప్ప ఒక్క మాటతో ఆర్పేశాడు. "ఆడపిల్ల ఒంటరిగా మిషను వెంబడి ఊర్లమ్మట తిరుగుతుందా? నేను పంపను."

కొండప్పది ఇంకో మాట కూడా ఉంది. అది ఊరందరికీ కంఠతా వచ్చు. "నెల జీతం లేని ఇంటికి నా కూతుర్నియ్యను. వానను నమ్ముకున్నోనికి వద్దు. వానను నమ్ముకున్నోని ఇంజన్లు రిపేరి చేసేటోనికి అసలే వద్దు."

ఆ రెండో రకంవాడే ఓబుళేసు. ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు. బావిలో నీళ్ళుంటే కదా ఇంజనూ, ఇంజనుంటే కదా మెకానిక్కూ! అప్పటికే అతను వేపచెట్టును గుద్దుకోకుండానే ఆస్పత్రి ముందు ఆగిపోవడం నేర్చుకున్నాడు. దుబాసీ కొలువు దొరికితే జీతం, జీతముంటే కొండప్ప, కొండప్ప ఊ అంటే ఆంజినమ్మ. అంతా లెక్కేసుకుని వచ్చి వరండా మెట్టు మీద చతికిలబడ్డాడు.

"నాకూ నేర్పీ. ఆ కొలువు నేను కొట్టల్ల."

"కొలువెందుకు? దుడ్లకా?"

"దుడ్లకు కాదులే. మీ నాయన కోసరం," అన్నాడు. అని నాలుక్కరుచుకున్నాడు. సుంకమ్మ చాట చప్పుడు కాసేపు ఆగింది.

రోగులు వెళ్ళిపోయాక సాయంత్రం పూట పాఠాలు. గురువుగారికి గొంతెక్కువ. "ఓబుళేసూ! ఆ 'సె' యాడ మింగితివి? కక్కు!" అంటే ఆస్పత్రి గేటు దాకా వినబడేది. "ఓబుళేసూ, తలకాయ ఈడుండల్ల, నా జడ మీద కాదు!" అంటే గేటు దాటి కూడా వినబడేది.

నిజానికి ఈ పాఠం తెలుగువాడికి కష్టమేమీ కాదు. స్పానిష్‌వాడు తన పని తాను చేసుకుంటే క్రియకు 'సె' తగిలిస్తాడు. మనం 'కొను' తగిలిస్తాం. కడుక్కొను, దువ్వుకొను, పడుకొను. చేతిలో కానీ లేకపోయినా రోజంతా కొనుక్కుంటూ తిరిగే జాతి ప్రపంచంలో మనదొక్కటే.

"లెవాంతాతె!" అనేది ఆంజినమ్మ.

"అంటే?"

"లెయ్ అని. ఇది ఆజ్ఞ."

"లేవాల్నంటే లేచినట్టే గదా. అంతా తెలుగే అయితే ఫీజెందుకు?"

"ఫీజు యాడిచ్చినావు నువ్వు?"

వర్తమానం అయింది, భూతం వదిలింది, భవిష్యత్తు పలికింది. తర్వాత కోరికలకూ ఆశలకూ వాడే వేరే రూపం వచ్చింది. "ఓహలా మె లావె. నేను కడుక్కుంటే ఎంత బాగుండు, అని."

"ఇది నాకు నేర్పాల్నా? పుట్టినప్పటి నుంచి మన జిల్లా అంతా ఇందులోనే గదా బతుకుతాండాది! వానొస్తే బాగుండు, చెరువు నిండితే బాగుండు..."

ఆ రూపంలో ఓబుళేసు ఒక్క తప్పూ చెయ్యలేదు.

తర్వాతొక సాయంత్రం ఆంజినమ్మ పేజీ తిప్పి, కాస్త తటపటాయించి, "కాసార్సె," అంది.

"ఏం కొనల్ల దీంట్లో?"

"పెండ్లి చేసుకునేది."

సుంకమ్మ చేతిలో కాయ పగల్లేదు.

"మె కాసో," అన్నాడు ఓబుళేసు. "జేబులో కాసు లేకపోయినా నోట్లో కాసో ఉండాది. మనం అనల్లంటే?"

"నోస్ కాసామోస్."

"రేపటికి?"

"నోస్ కాసారెమోస్. మనం పెండ్లి చేసుకుంటాము."

ఓబుళేసు మెట్టు మీదనుంచి లేచాడు. "ఆంజినమ్మా, నోస్ కాసారెమోస్. ఇది పాఠం కాదు. నా మాట."

ఆంజినమ్మ పుస్తకం మూసేసింది. "మె వోయ్," అని లోపలికి వెళ్ళిపోయింది. నేను పోతున్నా, అని దాని అర్థం. ఏమోయ్ అన్నా బాగుండేది పాపం అతనికి.

మర్నాటి నుంచి పాఠాలు జరిగాయి గానీ పిలుపు మారింది. గేటు దాటిన "ఓబుళేసూ" మళ్ళీ వినబడలేదు. "ఇద్దో", "ఈడ సూడు", "అవ్వా, ఆ మనిషికి నీళ్ళియ్యి". అంతే. కళ్ళెత్తి చూడదు, తప్పు చేస్తే తిట్టదు. తిట్టించుకోవడానికి ఓబుళేసు కావాలనే తప్పులు చేశాడు. ఆమె మెల్లగా దిద్దింది. తిట్టని ఆంజినమ్మను చూసి బెంగపెట్టుకున్నాడు. 'ఒక్క మాటతో చెడగొట్టుకుంటి. నా పేరు పలికేదానికే అసయ్యం పుట్టింది,' అనుకున్నాడు. చెడగొట్టుకొను. అందులోనూ కొనే ఉంది, చూశారా!

రామిరో దొర రానే వచ్చాడు. జీపు, వెనక లారీ మీద మిషను, దాని వెనక బెళుగుప్ప దుమ్మంతా. ఆస్పత్రి ముందు ఊరంతా చేరింది. దొర సన్నగా, పొడుగ్గా, తానే ఒక బోరు పైపులా ఉన్నాడు. పిలార్ సిస్టర్ పక్కన ఆంజినమ్మను నిలబెట్టి, మనుషుల్ని పరిచయం చేయమంది.

దొర ఒక్కొక్కరినీ చూపించి, "కోమో సె యామా?" అని అడుగుతాడు. ఆమె చెబుతుంది.

"సె యామా కొండప్ప." "సె యామా ఖాజా హుస్సేన్." "సె యామా సుంకమ్మ."

"అందరి ముందరా యముణ్ణి పిలుస్తాండాదేందిరా ఈ పిల్ల?" అన్నాడు వెనకనుంచి ఖాజా హుస్సేన్.

"అది పేరు చెప్పేది మామా! సె యామా అంటే, తన్ను తాను ఇట్ల పిలుచుకుంటాడు అని," అంది ఆంజినమ్మ. దొర సరదాపడి బండి ఎద్దును చూపించాడు. దాని పేరూ చెప్పింది.

అప్పుడు ముందుకొచ్చాడు ఓబుళేసు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టిన తల, ఎదురు చూస్తున్న ముఖం. కొలువు కోసం వచ్చినవాడు ఇతనే అని సిస్టర్ చెప్పింది.

"కోమో సె యామా?" అన్నాడు దొర.

ఆంజినమ్మ నోరు తెరిచింది. మూసింది. నేల చూసింది.

దొర మళ్ళీ అడిగాడు. మళ్ళీ నేలే. ఎద్దు పేరు చెప్పిన పిల్ల ఈ మనిషి పేరు చెప్పదేం? దొంగా? తాగుబోతా? దొర కనుబొమలు దగ్గరపడ్డాయి. చేతిలో పెన్ను మూత పెట్టేశాడు.

ఆ మూత చప్పుడు ఓబుళేసు గుండెలో పడింది. కొలువు పోయింది, జీతం పోయింది, ఆంజినమ్మ ఎలాగూ పోయింది. ఇక పోవడానికి ఏమీ లేనివాడికి వచ్చే ధైర్యమంతా వచ్చింది.

"మె యామో ఓబుళేసు!" అని గర్జించాడు. ఆగలేదు. "మె లెవాంతో! మె లావో! మె లావే, మె లావరే!" లేచాడు, కడుక్కున్నాడు, అన్ని కాలాల్లోనూ కడుక్కున్నాడు. చివర్లో ఆంజినమ్మ వైపు చూసి, "కియేరో కాసార్మె కోన్ ఎయా!" అన్నాడు. ఈమెను పెళ్లి చేసుకోవాలని ఉంది, అని.

దొర ముందు నోరు తెరిచాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. అతను చెప్పింది సిస్టర్ తన తెలుగులోకి దింపింది. "దొర అంటుకున్నాడు, ఈ అబ్బాయి మంచివాడు. కానీ ఇతనికి అన్నీ తన పనులే తెలుసుకున్నాయి. లేచుకుంటాడు, కడుక్కుంటాడు, పెళ్లి చేసుకుంటాడు. భూమికి బోరు వేయడం ఒక్కటీ రాదు. దుబాసీ ఆంజినమ్మే ఉండుకోవాలి."

నెల జీతం తన ఇంట్లోకే నడిచొస్తుంటే కొండప్ప గొంతులో తడి వచ్చింది. "జీతమంటే మంచిదే సిస్టరమ్మా. కానీ పిల్లను ఒంటరిగా పంపేదెట్ల? ఒక వారం ఆగమను. ఏదో ఒక సంబంధం చూసి పెండ్లి చేస్తా. మొగునితో కలిసి తిరుగుతాది."

"యాడినుంచి తెస్తావురా సంబంధం?" అంది సుంకమ్మ, చాట పక్కన పెట్టి లేస్తూ. "నీ కండ్లకేమైంది? ఊర్లో అందరి పేర్లూ చెప్పె. ఎద్దు పేరు చెప్పె. వాని పేరు చెప్పిందా?"

ఆడవాళ్ళ గుంపులో ఒక్కసారిగా కొంగులు నోళ్ళకడ్డం పడ్డాయి. స్పానిష్ ముక్క రాని వాళ్ళందరికీ అర్థమైపోయింది. స్పానిష్ వచ్చిన దొరకు ఒక్కడికే కాలేదు. ఓబుళేసుకూ కాలేదనుకోండి. పెళ్లయిన ఆడది మొగుడి పేరు పలకదని అతనికీ తెలుసు. పెళ్లి మాట ఇంకా గడప దాటకముందే ఒక పిల్ల తన పేరు దాచుకుంటుందని ఏ మెకానిక్కు ఊహిస్తాడు?

కొండప్ప కూతురి దగ్గరకొచ్చాడు. "ఏమ్మా, వీని పేరేంది? ఒక్కసారి చెప్పు. నువ్వు చెప్తే ఈ గొడవే లేదు, ఇంకోన్ని చూస్తా."

ఆంజినమ్మ తలొంచుకునే, కాలి బొటనవేలితో దుమ్ములో గీతలు గీస్తూ, "ఆయన్నే అడుగు నాయనా," అంది.

ఓబుళేసు ఎప్పుడు 'ఆయన' అయ్యాడో తెలియక వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక ఎద్దే ఉంది.

"ఇద్దో, నీకే చెప్తాండేది!" అంది ఆమె, ముసిముసిగా నవ్వుతూ. "అలిగినా అనుకుంటివా? నువ్వా మాట అన్నప్పటి నుంచి నాకు నోట్లోనే ఆగిపోతాండాది నీ పేరు. నేనేం చేద్దును?"

"నాయనా, జీతముండల్ల అంటివి గానీ ఎవురికుండల్లని చెప్పలేదు గదా," అని తండ్రి వైపు తిరిగింది. "నాకుండాది. తోడు కావల్లంటివి. నిలబడుండాడు."

కొండప్ప ఓబుళేసును కిందినుంచి పైదాకా, పక్కనుంచి పక్కకు కూడా చూశాడు. పక్కల చూడ్డానికే ఎక్కువసేపు పట్టింది. "సరేలేప్పా. ఇంటికి రా. సంగటి తిని పోదువు."

ఈలలు, కేకలు, చప్పట్లు. మధ్యలో దొర బిక్కమొహం వేసుకుని సిస్టర్ చెయ్యి లాగాడు. ఆమె వివరించింది. ఈ దేశంలో భర్త పేరు పలికితే అతని ఆయుష్షు తరిగిపోతుందని ఆడవాళ్ళ నమ్మకం. ఆ అమ్మాయి చెప్పనిది అవమానం కాదు, ప్రేమ. దొర అంతా విని, టోపీ తీసి ఓబుళేసు నెత్తిన పెట్టాడు. పట్టలేదు. మళ్ళీ తీసి చేతికిచ్చాడు.

తర్వాత పెన్ను మూత తీసి, ఈసారి ఆంజినమ్మను కాదు, జనం వైపు తిరిగి చేతులు చాపాడు.

"కోమో సె యామా?"

పొద్దుట్నుంచి వింటున్న ప్రశ్నే. ఎవరికీ తర్జుమా అక్కర్లేదు. సుంకమ్మ మొదలుకుని ఖాజా హుస్సేన్ దాకా, చంకల్లో పిల్లలతో సహా, ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ఓబుళేసూ!"

ఒక్క ఆంజినమ్మ తప్ప.