చక్రానికి రాసిన దీపం నూనె

శనివారం తెల్లవారుజామున గ్రీన్‌వుడ్ పార్క్‌లోని ఆ తెలుగువాళ్ల ఇంట్లో పూరీలు వేగుతున్నాయి. గోవింద శనివారాలు కాబట్టి మాంసం ఊసు లేదు. సావీకి ఉపవాసం. అయినా భర్తకీ కూతురికీ పూరీలు, ఆలూ కూర డబ్బాల్లో సర్దుతోంది.

భర్త యెల్లప్పతో ఆవిడ మాట్లాడి వారాలైంది. అలాగని ఇంట్లో మాటలు ఆగలేదు. అన్నీ కూతురు కష్మీరా మీదుగా నడుస్తున్నాయి.

"మీ నాన్నకి సెప్పు, సుగర్ మాత్ర ఏసుకోమని."

"ఏసుకున్నానని మీ అమ్మకి సెప్పు," అన్నాడు యెల్లప్ప, అదే బల్ల దగ్గర, భార్యకి చేతికందే దూరంలో కూచుని.

"నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్చేంజీనా? ఇద్దరికీ చెవులున్నాయి కదా, మ్యాన్!" అని విసుక్కుంది కష్మీరా.

గొడవంతా సైకిలు గురించే. యెల్లప్పకి యాభై దగ్గర పడుతున్నాయి, పైగా చక్కెర జబ్బు. జూన్‌లో సైకిలు మీద బోథాస్ హిల్ దిగుతూ పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. సావీ పసిపిల్లాడికి చేసినట్టు స్నానం చేయించింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది. కట్టు విప్పారో లేదో, పెద్దమనిషి వెళ్లి డ్రాకెన్స్‌బర్గ్ కనుమ సైకిలు పందేనికి పేరిచ్చి వచ్చాడు. ఆ రోజే ఆవిడ నోటికి తాళం పడింది.

యెల్లప్పదీ చిన్న కోరిక కాదు. అతని కుర్రతనంలో ఆ పందెం తెల్లవాళ్లదే. అతను రోడ్డు పక్క గడ్డిలో నిలబడి చూసేవాడు. ఒకసారి ఒంటరిగా కనుమ పైదాకా తొక్కి, పక్క రాష్ట్రం ఫ్రీ స్టేట్ బోర్డు కనబడగానే వెనక్కి తిరిగాడు. అవతల ఇండియన్లు ఒక్క రాత్రి ఉండడానికి కూడా వీల్లేని రోజులవి. మొన్న ఏప్రిల్‌లో తెల్లా నల్లా ఇండియన్లూ అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటేశారు. ఇప్పుడు పందెమూ అందరిదైంది. మనిషి ఆగుతాడా మరి!

"ఇంకో మాట కూడా సెప్పు మీ నాన్నకి," అంది సావీ మూకుడు దించుతూ. "ఆ కొండ మీద సక్రానికి అడ్డం పడతాను. ఎలా తొక్కుతాడో సూస్తాను."

యెల్లప్ప కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయాడు.

తండ్రీ కూతుళ్లు బట్టలు మార్చుకుంటుండగా సావీ దేవుడి గూట్లోంచి దీపం నూనె గిన్నె తీసుకుని గ్యారేజీలోకి వెళ్లింది. ఆవిడ పనిచేసేది బట్టల ఫ్యాక్టరీలో. వారానికోసారి మిషనుకి నూనె పట్టకపోతే సూది కదలదు. చక్రమైనా అంతే కదా అనుకుంది. అందులోనూ ఇది దేవుడి నూనె. కుంకుమ పెడితే ఆయన కంట పడుతుంది. అలిగిన మనిషి పూజ చేసిందని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకే "గోవిందా, గోవిందా" అనుకుంటూ రెండు చక్రాల రిమ్ములకీ అటూ ఇటూ నూనె రాసి, మరక కనబడకుండా వేలితో సాపు చేసింది. దిష్టి తీయడానికి నిమ్మకాయలు, గుడి విభూది పొట్లం సంచిలో వేసుకుంది.

పందెం మొదలయ్యే చోట జనాన్ని చూసి ఆవిడకి సిగ్గేసింది. నిమ్మకాయలు సంచిలోనే ఉండిపోయాయి. యెల్లప్ప అందరి మధ్యా సైకిలు మీదికి వంగి నిలబడ్డాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. ఆవిడ కొండల వైపు చూసింది.

వెంట వచ్చిన బళ్లని ముందుగానే పైకి పంపారు. కనుమ నెత్తిన రోడ్డు మధ్య ఒక డ్రమ్ము పెట్టారు. పోటీదారులు దాని చుట్టూ తిరిగి మళ్లీ అదే దారిన దిగాలి. పక్కన లోయ. చూస్తుండగానే పొగమంచు కమ్మేసి, లోయ ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియకుండా పోయింది. కష్మీరా తమ బక్కీ ట్రక్కుని పక్కకి ఆపింది.

ముందు వచ్చిన కుర్రాళ్లు డ్రమ్ము చుట్టి కిందికి దూకారు. మలుపు దగ్గర మంచులోంచి కీచుమని చప్పుళ్లు వినబడ్డాయి.

"ఏటా అరుపు?"

"బ్రేకులు, మా," అంది కష్మీరా తల్లితో.

సావీ మొహం విప్పారింది. "పాపం, ఆళ్లకి నూనె లేదు. మన సైకిలు అలా అరవదులే. నేను రాసాను."

"ఏం రాశావ్?"

"దీపం నూనె. సక్రానికి తెల్లగా మెరిసే రేకు ఉంటాది సూడు, దానికి రెండు పక్కలా. మీ నాన్నకి సెప్పకు."

కష్మీరా తల్లి వైపు గిర్రున తిరిగింది. "మా... బ్రేకు రబ్బరు పట్టుకునేది ఆ రేకునే. నూనె ఉంటే జారిపోతుంది. ఎక్కేటప్పుడు బ్రేకుతో పని లేదు, డాడీకి తెలిసుండదు. ఇక్కణ్ణుంచి అంతా దిగుడే!"

 జూన్‌లో తాను తడి గుడ్డతో తుడిచిన ఆ భుజం సావీ కళ్లముందు నిలిచింది. ఇప్పుడు తన చేత్తోనే.

"ఎల్లిపోయాడేటి? మనం సూడకుండా తిరిగి ఎల్లిపోయాడేటే?"

"తెలీదు మా! మంచులో ఎవరు ఎవరో..."

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి రోడ్డు మీదికి పరిగెత్తింది. పందెం వాళ్లు అక్కడ కాపలా పెట్టిన ఆల్ఫ్రెడ్ అనే మనిషి ఎర్రజెండా ఊపుతూ, "హావ్! వెనక్కి, అమ్మా, వెనక్కి!" అని కేకేశాడు. ఆవిడ వినలేదు. మంచులోంచి ఒక ఆకారం వచ్చింది. కాదు. ఇంకొకటి. అదీ కాదు. ప్రతివాడూ వంగిన వీపే, ప్రతివాడూ యెల్లప్పలాగే ఉన్నాడు, దగ్గరికి వస్తే కాడు. గోవిందుణ్ణి పిలవడానికి కూడా ఆవిడకి మొహం చెల్లలేదు.

ఆఖరికి ఎగశ్వాసతో, నోరు తెరుచుకుని, అతనే వచ్చాడు. సావీ చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

అతను కాలు కింద పెట్టి, ఈడ్చుకుంటూ ఆగాడు. మొహం కందిపోయింది. "అన్నంత పనీ సేసావు! ఇంతమంది ముందర! పాతికేళ్లుగా కాసుకున్నాను దీనికోసం. తప్పుకో!"

"తప్పుకోను. బ్రేకు లేదు నీకు. నేను నూనె రాసాను."

వారాల తర్వాత భార్య నోటి నుంచి తనకి నేరుగా వచ్చిన మొదటి మాట అది. యెల్లప్ప బ్రేకు నొక్కి సైకిలు ముందుకి తోశాడు. చక్రం ఆగకుండా తిరిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ తిరిగింది. అతను లోయ వైపు చూశాడు.

"నన్ను అడగకూడదా, సావీ? ఒక్క మాట?"

"మనకి మాటలున్నాయేటి?" అంటూనే ఆవిడ గొల్లుమంది. "నీకు మంచి జరగాలనే రాసాను. నోరుంటే అడిగేదాన్ని. నోరు కట్టుకుని నిన్ను సంపుకునేదాన్ని."

పక్కనించి ఒకళ్ల తర్వాత ఒకళ్లు డ్రమ్ము చుట్టి దిగిపోతున్నారు. కష్మీరా నీళ్ల సీసా, స్పానరు పట్టుకొచ్చింది. "గుడ్డతో తుడిస్తే చాలదు డాడీ. జిడ్డు పోదు."

సావీ ముక్కు చీదుకుని, సంచి బోర్లించింది. ఇత్తడి దీపాల జిడ్డు వదలగొట్టడం చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన పని. నిమ్మకాయ కొరికి రెండు చేసింది, విభూది అద్దింది, రోడ్డు మీదే చతికిలబడి రిమ్ము తోమడం మొదలుపెట్టింది. యెల్లప్ప బ్రేకు రబ్బర్లు విప్పి తారు మీద రాశాడు. కష్మీరా నీళ్లు పోసింది. చివరికి సావీ చీర చెంగుతో చక్రాలు రెండూ తుడిచింది.

అతను రబ్బర్లు బిగించాడు కానీ ఎక్కలేదు. సైకిలు ఆవిడ ముందు నిలబెట్టాడు.

"నువ్వు సెప్పు. ఎల్లనా, వద్దా?"

వద్దంటే ఆగిపోతాడని ఆవిడకి తెలుసు. ఇన్ని వారాలూ కోరుకున్నది అదే. సావీ రెండు బ్రేకులూ తానే గట్టిగా నొక్కి సైకిలు తోసింది. కదల్లేదు. మళ్లీ తోసింది. తర్వాత అతని నుదుటి చెమట తుడిచింది.

"ఎల్లు. మెల్లగా ఎల్లు. ప్రతి మలుపు దగ్గరా నొక్కు, నాకు ఇనబడాల."

యెల్లప్ప డ్రమ్ము చుట్టూ తిరిగి మంచులోకి దిగాడు. క్షణంలో కనబడకుండా పోయాడు. సావీ చెవులు రిక్కించి నిలబడింది. కీచు. మొదటి మలుపు. చాలాసేపు ఏమీ లేదు, ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుంది. మళ్లీ కీచు, ఇంకా కింద. ఏ మద్దెలా ఏ సన్నాయీ ఆవిడ చెవికి అంత ఇంపుగా లేదు.

వాళ్లు బక్కీలో కిందికి వచ్చేసరికి పందెం వాళ్లు బల్లలు ఎత్తేస్తున్నారు. యెల్లప్ప గడ్డి మీద కాళ్లు చాపుకుని కూచున్నాడు. చివరివాళ్లలో ఒకడు. ఒంటి మీద గీత కూడా లేదు. కష్మీరాని చూసి అలవాటు కొద్దీ అన్నాడు:

"మీ అమ్మకి సెప్పు, బ్రేకులు బాగా పట్టాయని."

"దానికెందుకు సెప్పడం?" సావీ అతని పక్కన కూలబడి పూరీ డబ్బా మూత తీసింది. "నేను ఇక్కడే ఉన్నాను. నాకే సెప్పు."

యెల్లప్ప ఆవిడ చేతుల వైపు చూశాడు. గోళ్ల నిండా విభూది, నిమ్మపండు పిప్పి. 

"సావీ, దిగేటప్పుడు నాకూ భయమేసింది. జూన్ నుంచీ భయంగానే ఉంది. నీతో అనలేకపోయాను."

ఆవిడ ఏడుస్తూనే పూరీ తుంచి అతని నోటికి అందించింది.